ముక్కల కుట్టులో సగం పని సూది పట్టకముందే

మిగిలిన గుడ్డముక్కలు అతికి కుట్టిన దిండు గలీబు నాలుగు ఉతుకులకే వంకర తిరిగిందంటే, చాలాసార్లు తప్పు కుట్టుది కాదు, కత్తిరింపుది.

ముక్కను రెండు చేతులతో పట్టి లాగి చూడండి. పడుగు (నేతలో నిలువు పోగులు) వెంట దాదాపు సాగదు, పేక (అడ్డ పోగులు) వెంట కాస్త సాగుతుంది, మూల నుంచి మూలకు లాగితే బాగా సాగుతుంది. ఏటవాలుగా కోసిన అంచు కుడుతుండగానే సాగిపోయి అలలు అలలుగా లేస్తుంది. అందుకే చదరం ముక్కకు నాలుగు అంచులూ పోగు వెంటే రావాలి. పోగు ఎటు నడుస్తోందో తెలియకపోతే అంచున ఒక్క దారప్పోగు పట్టి మెల్లగా లాగేయండి. గుడ్డలో సన్నటి గీత పడుతుంది. కత్తెర ఆ గీత మీదే నడపాలి. టీషర్టు గుడ్డ ఎటు లాగినా సాగుతుంది, దాన్ని నేత గుడ్డతో కలపకండి.

కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాత చీర ముక్క ఆ పని ఎప్పుడో ముగించి ఉంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే కొత్తది ముడుచుకుంటూ పాతదాన్ని లాగేస్తుంది. అన్నీ ముందే ఉతికి ఇస్త్రీ చేసుకోండి. ముదురు ఎరుపు, నీలం ముక్కల్ని తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా నొక్కితే రంగు వదిలేవేవో తెలిసిపోతుంది. ఉతికినకొద్దీ వదులుతూనే ఉన్న ముక్కను, ఎంత ముద్దొచ్చినా, పక్కన పెట్టేయడమే మంచిది.

కుట్టాక 10 సెం.మీ. చదరం రావాలంటే 11.2 సెం.మీ. కోయాలి, అన్ని వైపులా 6 మి.మీ. కుట్టులోకి పోతుంది. ఆ 6 మి.మీ. దగ్గర కుట్టు గీతను గుడ్డ లోపలివైపు పెన్సిల్‌తో గీసుకోండి, కంటి అంచనా చాలదు. ప్రతి అంచునా 1 మి.మీ. ఎక్కువ లోపలికి కుడితే ఒక్కో చదరం 2 మి.మీ. తగ్గుతుంది. పది చదరాల వరుస 2 సెం.మీ. పొట్టిదై పక్క వరుసతో కలవనే కలవదు.

దారం మూరెడు, అంటే 45 సెం.మీ. చాలు. అంతకంటే పొడవైతే ప్రతిసారీ గుడ్డలోంచి దూరి దూరి నూగు లేస్తుంది, మెలికలు పడుతుంది. తేనెమైనం మీద ఒకసారి లాగితే చిక్కు తగ్గుతుంది. సూది సన్నగా ఉండాలి, లావు సూది చేసిన బెజ్జాలు పలుచటి గుడ్డలో అలాగే కనిపిస్తాయి.

రెండు ముక్కల పైవైపులు ఒకదానికొకటి ఆనించి, గుండుసూదులు గుచ్చి, 2 మి.మీ. చిన్న ముందుకుట్లు (సూది పైకీ కిందికీ దూరుతూ ముందుకే సాగే కుట్లు) వేస్తూ పోండి. నాలుగైదు కుట్లకొకసారి ఒక వెనక్కుట్టు (సూదిని ఒక కుట్టు వెనక్కి గుచ్చి ముందుకు తీసేది) వేస్తే ఎక్కడైనా దారం తెగినా కుట్టంతా ఊడిపోదు. మొదట్లో, చివర్లో రెండేసి వెనక్కుట్లు తప్పనిసరి. వేలితో కుట్టు వెంట సవరిస్తూ దారం లాగండి. గుడ్డ ముడతపడితే దారం బిగిసిందన్నమాట. అప్పుడే సడలించాలి, ఇస్త్రీతో అది పోదు.

చేతికుట్టులో అతుకును రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేస్తే మధ్యలో దారం బయటపడి ఒరుసుకుపోతుంది. రెండు అంచుల్నీ ముదురు రంగు ముక్క వైపే మడిచి ఇస్త్రీ చేస్తే లేతగుడ్డ కింద నీడలా కనిపించవు. వరుసల్ని కలిపేటప్పుడు మాత్రం పై వరుస మడతలు కుడికి, కింది వరుసవి ఎడమకి ఉండాలి. అప్పుడు నాలుగు మూలలు కలిసే చోట ఆ మడతలు ఒకదానికొకటి ఒరుసుకుని చక్కగా కూర్చుంటాయి. అక్కడ మడతల్ని కలిపి కుట్టేయకుండా, సూదిని వాటి మొదట్లోంచి అవతలికి దాటించండి.