ఆకుపచ్చ స్ఫటికాలు

అల్మారా అడుగు అరను సర్దుతుండగా నా పీహెచ్‌డీ నాటి గాజు సీసా ఒకటి చేతికి తగిలింది. లేబుల్ మీది సిరా వెలిసిపోయినా, లోపలి కోబాల్ట్ సంక్లిష్ట సమ్మేళనపు స్ఫటికాలు ఇంకా ముదురు ఆకుపచ్చగానే ఉన్నాయి.

అది ట్రాన్స్ రూపం. దాన్ని నీటిలో కరిగించి వాటర్‌బాత్ (వేడినీటి తొట్టె) మీద ఆవిరి చేస్తే, అదే లోహం, అవే లైగాండ్‌లతో (లోహం చుట్టూ బంధించుకునే అణువులు, అయాన్‌లతో) ఊదారంగు సిస్ రూపం వస్తుంది. ఆ లైగాండ్‌లలోని రెండు క్లోరైడ్‌లు ఎదురెదురుగా (ట్రాన్స్) ఉన్నాయా, పక్కపక్కన (సిస్) ఉన్నాయా అన్నదే తేడా. దీన్ని వివరించే సిద్ధాంతాన్ని ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ 1893లో, 26 ఏళ్ల వయసులో ప్రతిపాదించి, 1913లో నోబెల్ అందుకున్నారు.

నా దారి అంత వేగంగా సాగలేదు. గాలి తగిలితే పాడయ్యే సమ్మేళనాల కోసం గ్లవ్‌బాక్స్‌లో (గాలి చొరబడని, చేతొడుగులు అమర్చిన పెట్టెలో) చేతులు పెట్టి నిలబడ్డ, పీహెచ్‌డీ తర్వాతి పోస్ట్‌డాక్ రాత్రులు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాక సొంత ప్రయోగశాల కోసం రాసి తిరస్కరణకు గురైన ప్రతిపాదనలు, ఆపై దిద్దవలసిన విద్యార్థుల థీసిస్‌లు (వాటిలో కామాలే ఎక్కువ బాధపెట్టాయి): హోదా పెరిగిన కొద్దీ చేతులు బెంచీకి దూరమయ్యాయి.

"మీరు చివరిసారి స్వయంగా స్ఫటికాలు పెంచింది ఎప్పుడు సార్?" అని మా పరిశోధక విద్యార్థిని అడిగింది. గ్రాంటు నివేదిక గడువు వెంటనే గుర్తొచ్చింది గానీ, ఆ తేదీ గుర్తురాలేదు.

రేపు ఉదయం ఒక గంట ఖాళీ ఉంది. వాటర్‌బాత్ సిద్ధంగా ఉంచమని ఆమెకు చెప్పాను.