శిఖం, శిఖానికి, శిఖంలో: లింకు మీద కనిపించే మాట

మా ఊరి చెరువు గురించి దొరికిన కాగితాలన్నింటినీ ఒకచోట చేర్చే పని మూడేళ్ళ క్రితం మొదలుపెట్టాను. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది రాసిన రెవెన్యూ రికార్డు) నకలు, ఆ తరువాతి సంవత్సరాల పహాణీలు, తూము మరమ్మతు కోసం ఊరివారు పెట్టుకున్న అర్జీలు, మా చిన్నాయన ఇనప్పెట్టెలో బయటపడిన శిస్తు రసీదులు, ఇలా చేతికందిన ప్రతిదానినీ స్కాన్ చేసి డెవన్‌థింక్‌లో దాచుకున్నాను. అది మ్యాక్ కంప్యూటర్ల కోసం తయారైన పత్రాల నిర్వహణ సాఫ్ట్‌వేర్. పత్రాలు ఒకవైపు ఉంటాయి, వాటిని చదువుతూ నేను రాసుకున్న నోట్సు మరొకవైపు ఉంటుంది, ఈ రెంటినీ కలిపేది లింకు. ఆ లింకు మీద ఏ మాట కనిపించాలన్న విషయానికి నేను చాలాకాలం ఏ ప్రాధాన్యమూ ఇవ్వలేదు.

డెవన్‌థింక్‌లో ప్రతి పత్రానికీ దానిదైన ఒక శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది. గీతలతో కలిపి ముప్పై ఆరు అక్షరాల పొడవుండే ఆ సంఖ్యే లింకు చిరునామాలో ఉంటుంది కనుక, పత్రం పేరు మార్చినా, ఒక అర నుంచి మరొక అరకు జరిపినా లింకు తెగదు. పత్రం లింకును కాపీ చేసి రిచ్ టెక్స్ట్ నోట్సులో అతికించినప్పుడు మాత్రం, ఆ క్షణాన పత్రానికి ఏ పేరు ఉంటే ఆ పేరే లింకు మాటగా వచ్చి కూర్చుంటుంది. స్కానర్ పెట్టిన పేర్లను మార్చే ఓపిక లేని మొదటి రోజుల్లో నా నోట్సు ఎలా ఉండేదంటే, ‘మత్తడి ఎత్తు పెంచాలన్న కోరిక స్కాన్_0047 లో కనిపిస్తుంది, దానికి విరుద్ధమైన సంగతి స్కాన్_0052 లో ఉంది’ అని ఉండేది. రాసిన వారం వరకు అది నాకు అర్థమైంది. ఆరు నెలల తరువాత తెరిచి చూస్తే, ఏ సంఖ్య ఏ కాగితమో తెలుసుకోవడానికి ప్రతి లింకునూ నొక్కి చూడవలసి వచ్చింది.

తరువాత పత్రాలకు తీరికగా మంచి పేర్లు పెట్టాను. అప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, పేరు మార్చినందువల్ల లింకు చెడదు కానీ, అంతకుముందే నోట్సులో అతికించిన మాట మారదు. పత్రం ‘మత్తడి ఎత్తు అర్జీ’ అయినా నోట్సులో అది ‘స్కాన్_0047’ గానే మిగిలిపోయింది. చిరునామా వేరు, దాని మీద రాసిన మాట వేరు అన్న సంగతి నాకు తలకెక్కింది అప్పుడే. ఆ మాటను చేతితో మార్చడం కష్టమేమీ కాదు. నోట్సులో ముందు మనకు కావలసిన వాక్యాన్ని పూర్తిగా రాసుకుని, అందులో లింకు కావలసిన మాటలను ఎంపిక చేసి, వాటికి చిరునామాను జోడించాలి. మామూలు టైపు గుర్తులతోనే శీర్షికలనూ లింకులనూ సూచించే మార్క్‌డౌన్‌లో రాసేవారికి ఇది ఇంకా తేలిక. జాన్ గ్రూబర్ 2004లో ప్రకటించిన ఆ పద్ధతిలో కనిపించవలసిన మాట చదరపు కుండలీకరణాల్లోనూ, చిరునామా దాని వెంటనే గుండ్రటి కుండలీకరణాల్లోనూ ఉంటాయి.

తెలుగులో నోట్సు రాసుకునేవారికి ఫైలు పేరే లింకు మాటగా రావడం ఎందుకు సరిపోదో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మన భాషలో విభక్తి ప్రత్యయం నామవాచకానికి అతుక్కుంటుంది, అతుక్కునేటప్పుడు చాలాసార్లు ఆ నామవాచకం రూపాన్నే మార్చేస్తుంది. ‘తూము’ అన్న పేరుతో నోట్సు ఉంటే ‘తూముకు’, ‘తూములో’ అని రాయడానికి ఇబ్బంది లేదు, ఎందుకంటే పేరు అలాగే ఉండి చివర ప్రత్యయం చేరుతుంది. ‘శిఖం’ (చెరువులో నీరు నిలిచే భూమి) దగ్గరకు వచ్చేసరికి ‘శిఖంలో’ అనడం కుదురుతుంది కానీ ‘శిఖంకు’ అని రాస్తే చదివేవారి పంటి కింద రాయి పడినట్టుంటుంది. అది ‘శిఖానికి’ కావాలి. ‘నుయ్యి’ అన్న పేరు ‘నూతిలో’ అవుతుంది, ‘ఇల్లు’ అన్నది ‘ఇంటికి’ అవుతుంది. వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని బడిలో బట్టీ పట్టిన పాఠం ఇన్నేళ్ళ తరువాత ఒక సాఫ్ట్‌వేర్ దగ్గర పనికొస్తుందని నేను అనుకోలేదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నేను వాడే అబ్సిడియన్ అనే నోట్సు సాఫ్ట్‌వేర్‌లో దీనికి నిలువు గీత పద్ధతి ఉంది. జంట చదరపు కుండలీకరణాల మధ్య ముందు నోట్సు అసలు పేరు, తరువాత నిలువు గీత, ఆ తరువాత వాక్యానికి కావలసిన రూపం రాస్తారు: [[శిఖం|శిఖానికి]] సంబంధించిన సర్వే నంబర్లు, [[నుయ్యి|నూతిలో]] నీరు. వికీపీడియాలో రాసే అలవాటు ఉన్నవారికి ఇది కొత్త కాదు. తెలుగు వికీపీడియాలో ఇంకొక సౌకర్యం కూడా ఉంది: [[విజయవాడ]]లో అని రాస్తే కుండలీకరణాల బయట ఉన్న ‘లో’ కూడా లింకులో భాగంగానే కనిపిస్తుంది. అబ్సిడియన్‌లో అలా జరగదు, పేరు ఒక రంగులోనూ ప్రత్యయం మరొక రంగులోనూ ఉండి మాట మధ్యలో విరిగినట్టు కనిపిస్తుంది. చూపుకు అది చిన్న లోపమే అయినా, పేజీ నిండా అలాంటి మాటలు ఉంటే చదువు సాగదు, అందుకే ‘తూములో’ వంటి సులువైన చోట కూడా నేను నిలువు గీతనే వాడుతున్నాను. పట్టికలో రాసేటప్పుడు మాత్రం ఆ గీతకు ముందు ఒక వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేకపోతే దానిని పట్టిక గడి హద్దుగా భావించి వరుసంతా చెదరగొడుతుంది.

అబ్సిడియన్‌లో ఒకే నోట్సుకు మారుపేర్లు కూడా ఇచ్చుకోవచ్చు. చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే కట్టడాన్ని మా ఊళ్ళో కొందరు మత్తడి అంటారు, కోస్తా నుంచి వచ్చిన మా బావగారు అదే కట్టడాన్ని కలుజు అంటారు. రెండింటినీ మారుపేర్లుగా నమోదు చేస్తే, ఏది టైపు చేయడం మొదలుపెట్టినా అసలు నోట్సు సూచనగా వస్తుంది, ఎంచుకున్న మాటే లింకు మీద నిలుస్తుంది. విభక్తి రూపాలను కూడా మారుపేర్లుగా చేర్చి చూశాను. పది నోట్సులు దాటేసరికి సూచనల జాబితా చాంతాడంత పెరిగింది, మానేశాను.

చిరునామాను మాట వెనుక దాచకుండా నేరుగా పెట్టుకుంటే ఏమవుతుందో కూడా ఒకసారి లెక్క వేశాను. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపి సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, అది వెబ్ చిరునామాలోకి మారినప్పుడు ప్రతి బైటూ ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలు అవుతుంది. ‘చెరువు’ అన్న మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం ఆరు సంకేతాలు. అంటే మనం మూడక్షరాలుగా చదివే ఆ మాట యాభై నాలుగు అక్షరాల గొలుసుగా మారుతుంది. తెలుగు పేరున్న వెబ్ పేజీ చిరునామాను నోట్సులో అలాగే అతికించినవారు ఆ శాతం గుర్తుల వరదను చూసే ఉంటారు.

స్కాన్ చేసిన పుస్తకాలలోని ఒక ఫలానా పుటకు లింకు ఇచ్చేటప్పుడు ఇంకొక చిక్కు ఉంది. డెవన్‌థింక్ చిరునామాలో పుటల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, అబ్సిడియన్‌లో ఒకటి నుంచి మొదలవుతుంది, అచ్చు పుస్తకం మీద ఉన్న సంఖ్య ముందుమాట పుటల కారణంగా ఈ రెండింటితోనూ కలవదు. చిరునామాలో సాఫ్ట్‌వేర్ కోరిన సంఖ్యనే ఉంచి, లింకు మాటలో మాత్రం అచ్చు సంఖ్యనే రాస్తున్నాను. నొక్కి చూసే నాకు మొదటిది చాలు. పుస్తకం చేతిలో పట్టుకుని చదివేవారికి రెండవదే పనికొస్తుంది.

అలా చదివేవారు నాకు నిజంగానే ఉన్నారు. చిన్నాయన కంప్యూటరు ముట్టరు, అందుకని పోయిన సంక్రాంతికి నోట్సు మొత్తాన్ని అచ్చు తీసి ఆయన చేతికిచ్చాను. రెండు పుటలు తిప్పి, ‘ఆయకట్టు వివరాలకు ఇక్కడ చూడండి’ అన్న వాక్యం మీద వేలు పెట్టి, ‘ఇక్కడంటే ఏడరా బిడ్డా?’ అని అడిగారు. కాగితం మీదికి వచ్చేసరికి లింకు పోయి మాట ఒక్కటే మిగిలింది, ఆ మాటలో ఏ సమాచారమూ లేదు. తెర మీది రాతను వినిపించే సాఫ్ట్‌వేర్‌ను వాడే చూపులేనివారికి కూడా ఇదే కష్టం ఎదురవుతుంది. వారు పేజీలోని లింకులను మాత్రమే జాబితాగా విన్నప్పుడు ‘ఇక్కడ’, ‘ఇక్కడ’, ‘ఇక్కడ’ అని వినిపిస్తే దేనిని ఎంచుకుంటారు? ఆ సాయంత్రమే కూర్చుని, నోట్సులో ‘ఇక్కడ’ అన్న లింకులన్నీ వెతికి, పత్రం రకం, సంవత్సరం, పుట తెలిసేలా మార్చాను.

అయితే మాటను మన ఇష్టానికి మార్చుకునే స్వేచ్ఛలో ఒక ప్రమాదం ఉంది, అందులో నేనే పడ్డాను. ఒక పహాణీ పుటకు ‘శిఖం ఆక్రమణకు రుజువు’ అని లింకు మాట పెట్టాను. ఏడాది తరువాత అదే మాటను నమ్మి, పత్రాన్ని తెరవకుండానే మరొక నోట్సులో ఆక్రమణ జరిగిందని రాసేశాను. చివరకు ఆ పుటను మళ్ళీ చదివినప్పుడు అందులో ఉన్నది సాగుదారు కాలమ్‌లో పేరు మారడం ఒక్కటే. ఆ మార్పు పంపకం వల్ల కావచ్చు, కౌలు వల్ల కావచ్చు, ఆక్రమణే అని ఆ కాగితం ఎక్కడా చెప్పదు. నా అనుమానం లింకు మాటగా మారి, నా కళ్ళకే సాక్ష్యంలా కనిపించింది. అప్పటి నుంచి లింకు మీద కాగితం గుర్తులు మాత్రమే ఉంచుతున్నాను, నా అభిప్రాయం ఏదైనా ఉంటే అది లింకు దాటిన తరువాత వాక్యంలో వస్తుంది.

పాత నోట్సులో స్కానర్ పేర్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. వాటన్నింటినీ ఒకేసారి మార్చే స్క్రిప్టు రాయవచ్చు, ఎందుకంటే పత్రం ప్రస్తుత పేరునూ దాని లింకు చిరునామానూ మ్యాక్‌లో ఉండే యాపిల్‌స్క్రిప్ట్ అనే స్క్రిప్టు భాష ద్వారా అడిగి తెచ్చుకోవచ్చు. కానీ ఆ స్క్రిప్టు తెచ్చిపెట్టేది మళ్ళీ ప్రథమా విభక్తిలో ఉన్న పేరునే, వాక్యంలో దానిని ‘పహాణీని’ అనాలో ‘పహాణీలో’ అనాలో దానికి తెలియదు. అందుకని ఏ నోట్సు తెరిచిన రోజున ఆ నోట్సును చేతితోనే సరిచేసుకుంటున్నాను. నిన్న సరిచేసిన చివరి లింకు మీద ఇప్పుడు ‘తూము మరమ్మతు అర్జీలో, తేదీ ఉన్న మూల చిరిగిపోయింది’ అని ఉంది.