ఎరుపు నీలం పట్టీ

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భుజం మీద మూడు స్టార్లుంటాయి. డీఎస్పీకీ మూడే. తేడా ఏందంటే సీఐకి స్టార్ల కింద, భుజం చివర, ఎరుపు నీలం కలిసిన చిన్న పట్టీ ఒకటి ఉంటుంది, డీఎస్పీకి ఉండదు. అంటే ఈ ప్రమోషన్‌లో భుజం మీదికి కొత్తగా వచ్చేదేమీ లేదు, ఉన్న పట్టీ తీసేస్తారంతే. మా బాపు ఆ పట్టీ ఊడే రోజు కోసం పదమూడేళ్లు చూశాడు. పట్టీతోనే రిటైరయ్యాడు.

మొన్న సజ్జ మీది సామాను దింపుతుంటే ఆయన ఫైలు దొరికింది. గోధుమరంగు అట్ట, మధ్యలో తెల్ల నాడా. లోపలంతా సీనియారిటీ లిస్టుల జిరాక్సులే. సీరియల్ నంబర్, పేరు, పుట్టిన తేదీ, ఎస్సైగా చేరిన తేదీ, ప్రొబేషన్ డిక్లేర్ అయిన తేదీ, సీఐ అయిన తేదీ, చివర రిమార్కుల గడి. ప్రతి లిస్టులో బాపు పేరు కింద ఎర్ర ఇంకు గీత, మరో పేరు కింద నీలం ఇంకు గీత. నీలం గీత ఆయన బ్యాచ్‌మేట్‌ది. ఆయన్ని నేను పెదబాపు అనే పిలుస్తాను. ఒక లిస్టులో ఇద్దరి మధ్య నలభై పేర్లుంటే మరో దాంట్లో తొంభై దాకా ఉన్నాయి. అన్ని లిస్టుల పైనా ఒకటే మాట: ప్రొవిజనల్, అంటే ఇంకా ఖరారు కాలేదని.

ఇద్దరూ ఒకే నోటిఫికేషన్‌లో ఎస్సైలయ్యారు, ఎనభైల చివర్లో. హిమాయత్‌సాగర్ అకాడమీలో ఒకే బ్యారక్, పక్క పక్క మంచాలు. తెల్లవారుజామున పీటీకి లేవకపోతే పెదబాపు మీద చెంబుతో నీళ్లు పోసింది మా బాపే. తర్వాత ఈయన వరంగల్ వైపు ఐదో జోన్‌కి, ఆయన నల్గొండ వాడు కాబట్టి ఆరో జోన్‌కి పోయారు. అక్కడితో ఇద్దరి గడియారాలు వేరయ్యాయి.

పోలీసు ఇళ్లలో పుట్టని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేశాయి. అప్పట్లో కానిస్టేబుల్ జిల్లా లెక్క, ఎస్సై, సీఐ జోన్ లెక్క, డీఎస్పీకి వచ్చేసరికి రాష్ట్రమంతా ఒకటే లెక్క. ఎస్సై సీఐ కావాలంటే తన జోన్‌లో ఖాళీ రావాలి. పక్క జోన్‌లో ఇరవై ఖాళీలున్నా ఈయనకి పనికిరావు. అలా ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒకాయన నాలుగేళ్ల ముందు సీఐ అవుతాడు. తీరా డీఎస్పీ ప్యానెల్, అంటే ప్రమోషన్‌కి తీసుకునేవాళ్ల జాబితా, వేసేటప్పుడు అన్ని జోన్ల సీఐలనీ తెచ్చి ఒక్క వరసలో నిలబెడతారు. ఏ తేదీ చూసి నిలబెట్టాలి? ఎస్సైగా చేరిన తేదీయా, సీఐ అయిన తేదీయా? ముందు సీఐ అయినవాడు సీఐ తేదీ అంటాడు, వెనక పడ్డవాడు ఎస్సై తేదీ అంటాడు. ఎవరి మాట వాళ్లకి న్యాయమే.

రూలు చూస్తే ఏ మెలికా లేనట్టే ఉంటుంది. 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో 33వ రూలు: ఆ కేటగిరీలో మొదట నియామకమైన తేదీని బట్టి సీనియారిటీ. కానీ పదో రూలు కింద ఇచ్చే టెంపరరీ ప్రమోషన్లు ఉన్నాయి కదా, తకరారంతా అక్కడే పుడుతుంది. బాపుని సీఐ చేసింది ఆ రూలు కిందే. ఠాణా ఇచ్చారు, జీపు ఇచ్చారు, జనం సీఐ సారూ అన్నారు, రెండేళ్ల తర్వాత రెగ్యులర్ చేశారు. లిస్టులో ఎక్కింది రెండో తేదీ. మధ్యలో చేసిన బందోబస్తులు, రాత్రి గస్తీలు, ఒక ఎన్నిక, ఇవన్నీ సీనియారిటీ లెక్కలో జరగనట్టే. రూల్స్ ప్రకారం సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ప్యానెల్ ఇయర్, ఏ ఏడు ప్యానెల్ ఆ ఏడే వేయాలి. అది జరిగి ఉంటే సగం కేసులుండేవి కావు.

ఈ గొడవల గురించి బయటివాళ్లు మాట్లాడితే నాకు చిరాకు అందుకే. పదవుల కోసం కొట్టుకుంటున్నారు అంటారు. లోపలి వాళ్లూ తక్కువ కాదు. డైరెక్ట్ ఎస్సైలు ర్యాంకర్లని తిడతారు, అంటే కానిస్టేబుల్‌గా చేరి మెట్టు మెట్టు ఎక్కినవాళ్లని. ర్యాంకర్లు డైరెక్ట్ వాళ్లని తిడతారు. ఇద్దరూ కలిసి పక్క జోన్‌ని తిడతారు. లిస్టు ఫైనల్ చేయకుండా ఏళ్ల తరబడి నానబెట్టిన టేబుల్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే రేపు మళ్లీ ఆ టేబుల్ దగ్గరికే పోవాలి. బాపు కూడా ర్యాంకర్లని తక్కువ చేసి మాట్లాడేవాడు, ఆ విషయంలో ఆయనతో నాకు ఎప్పుడూ పడలేదు. కానిస్టేబుల్ నుంచి ఎస్సై అయ్యేసరికి ఒక మనిషికి జుట్టు నెరుస్తుంది.

యాక్సిలరేటెడ్ ప్రమోషన్ల సంగతి వేరే. నక్సలైట్ల రోజుల్లో ఆపరేషన్లలో పాల్గొన్న వాళ్లని వరస దాటించి పైకి తీసుకున్నారు. మా దిక్కు స్టేషన్ల ముందు ఇసుక బస్తాలుండేవి, మేము బాపు స్టేషన్ ఉన్న ఊళ్లో ఉండకుండా హన్మకొండలో ఉండేవాళ్లం. ప్రాణం పణంగా పెట్టినవాడికి ఒక మెట్టు ఇస్తే తప్పేముంది అని నాకు అనిపిస్తుంది. కానీ అదే స్టేషన్లో అదే బస్తాల వెనక కాపలా కాసి, ఆ రోజు డ్యూటీ చార్టులో పేరు లేనందుకు వెనకబడ్డవాడికి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియదు.

ఒక్క తేదీ ఎంత దూరం లాగుతుందో మణిపూర్ కేసు చూస్తే తెలుస్తుంది. అక్కడ కొందరు ఇన్‌స్పెక్టర్లు 2007 మార్చి 1న మణిపూర్ పోలీస్ సర్వీస్‌లోకి ప్రమోట్ అయ్యారు. డైరెక్ట్ వాళ్లు అదే ఏడాది ఆగస్టు, నవంబర్లలో చేరారు. చేరింది వెనకే అయినా మా ఖాళీలు అంతకుముందువి, కాబట్టి మేమే సీనియర్లం అన్నారు. సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో తేల్చింది: సర్వీసులోకి రాకముందు సీనియారిటీ రాదు, ఖాళీ ఎప్పుడు ఏర్పడిందన్నది కాదు, మనిషి ఎప్పుడు వచ్చాడన్నదే లెక్క అని. కొన్ని నెలల తేడా తేలడానికి పన్నెండేళ్లు పట్టింది. అదన్నా నిలిచిందా అంటే, 2022 డిసెంబర్‌లో ఇంకో బెంచ్ ఆ తీర్పునే మళ్లీ చూడాలని పెద్ద బెంచ్‌కి పంపింది.

మన దగ్గర ఇంకా పెద్దదే జరిగింది. హైదరాబాద్ సిటీ పోలీసు పోస్టులు ఆరో జోన్ కిందికి వస్తాయా రావా అని పోలీసు ఉద్యోగుల మధ్య మొదలైన పేచీ సుప్రీంకోర్టు దాకా పోయింది. రాష్ట్రపతి ఉత్తర్వుల్లో 14(ఎఫ్) అనే చిన్న ముక్క ఉండేది, నిజాం కాలపు 1348 ఫసలీ నాటి సిటీ పోలీస్ చట్టం కింది పోస్టులకి ఈ జోన్ల లెక్క వర్తించదని. 2009 అక్టోబర్‌లో కోర్టు దాన్ని పట్టుకునే తీర్పు ఇచ్చింది. హైదరాబాద్ ఫ్రీజోన్ అట, ఏ జోన్ వాళ్లైనా రావచ్చట అని ఊళ్లన్నీ గుప్పుమన్నాయి. అదే నెలలో సిద్దిపేటలో ఉద్యోగ గర్జన, నవంబర్ 29న కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9న ఢిల్లీ నుంచి ప్రకటన. ఒక సర్వీసు కేసు ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి. బాపుకి ఆ రోజుల్లో ఉద్యమం బందోబస్తులే. చెప్పుకోలేడు గానీ, రాళ్లు వేసే పిల్లల మీద ఆయనకి కోపం ఉండేది కాదు.

తర్వాత మేడారం జాతర డ్యూటీ. గద్దెల దగ్గర ఒక సెక్టార్‌కి బాపు సీఐ, ఆ సెక్టార్ ఇన్‌చార్జి డీఎస్పీగా బయటి జిల్లా నుంచి వచ్చింది పెదబాపు. టెంట్‌లో బ్రీఫింగ్. బాపు లోపలికి పోయి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. పెదబాపు సగంలోనే లేచి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడట, "ఏందిరా ఇది" అని. చుట్టూ ఎస్సైలు చూస్తున్నారు. బాపు చెయ్యి విడిపించుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ పూర్తిగా కొట్టాడు. ఇంటికి వచ్చి అమ్మతో, "నేను కొట్టింది వానికి కాదు, వాని భుజానికి" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే టెంట్‌లో, ఒకే డబ్బాలోది తిని పడుకున్నారని చాలా ఏళ్ల తర్వాత పెదబాపు చెప్పాడు నాకు.

బాపు తన సీనియారిటీ మీద, ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్లో కేసు వేశాడు. రాత్రి బస్సెక్కి పోవడం, వాయిదా, మళ్లీ రాత్రి బస్సులో రావడం. 2016లో తెలంగాణలో ట్రిబ్యునల్ ఎత్తేశారు, ఫైలు హైకోర్టుకి పోయింది, కొత్త నంబర్ పడింది. 2018లో యాభై ఎనిమిది నిండి బాపు దిగిపోయాడు. 2021లో రిటైర్మెంట్ వయసు అరవై ఒకటి చేశారు. అది విన్న రోజు ఆయన నవ్విన నవ్వు మాకు నచ్చలేదు.

పోయిన నెల పెదబాపు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. ఇంకో రివైజ్డ్ లిస్టు, ఇంకోసారి ప్రొవిజనల్, అభ్యంతరాలకి పదిహేను రోజులు. బాపు నంబర్ ఇరవై ఐదు స్థానాలు పైకి జరిగింది. నోషనల్ ప్రమోషన్, అంటే వెనక తేదీతో కాగితం మీద ఇచ్చేది, వస్తే పెన్షన్ నాలుగు రూపాయలు మారుతుంది, ఇంకేమీ మారదు. బాపు ప్రింట్ తీయమన్నాడు. ఎర్ర పెన్ను అడిగాడు. గీత గీసి, అభ్యంతరం నన్ను టైప్ చేయమని పక్కన కూర్చున్నాడు. ఆ రెండేళ్ల టెంపరరీ సర్వీసు సంగతి తేదీలతో సహా, కాగితం చూడకుండా చెప్పాడు.

చివర పేరు కింద హోదా దగ్గర ఆగాను. రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ అని కొట్టనా అన్నాను.

"రిటైర్డ్ అని కొట్టు. హోదా నేను రాస్తా, అక్కడ కొంచెం జాగ ఉంచు" అన్నాడు.