పాత ఆటల గైడ్లు, బరంపురం తేమ: ఈ ఏడాది పని ఎంతవరకు వచ్చిందంటే

ఏప్రిల్

ఫైనల్ ఫాంటసీ వీడియో గేముల గైడ్ల (ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకాల) బాక్సు సెట్ చేతికొచ్చింది. 2015లో ప్రైమా గేమ్స్ వేసినది. ఏడు, ఎనిమిది, తొమ్మిది ఆటల గైడ్లు మూడూ గట్టి అట్టతో ఒకే పెట్టెలో ఉంటాయి. ఈ మూడు ఆటలకూ 1997, 1999, 2000లో అమెరికాలో అధికారిక గైడ్లు వేసింది బ్రాడీగేమ్స్. 2015లోనే బ్రాడీగేమ్స్ ప్రైమాలో కలిసిపోయింది. 2018 నవంబరులో ప్రైమా కూడా గైడ్ల పని మూసేస్తున్నట్టు చెప్పేసింది. ఇక మనలాంటివాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే.

కొనేముందు అమ్మేవాణ్ణి అడిగి తెప్పించుకున్న ఫోటోలు ఇవి: పెట్టె నాలుగు మూలలు, మూడు పుస్తకాల వెన్నులు, కాపీరైట్ పేజీ, చివరి అట్ట లోపలివైపు. ముందు అట్ట ఫోటో ఎవడైనా పెడతాడు, దానివల్ల తెలిసేదేమీ లేదు. అసలు సంగతి కాపీరైట్ పేజీలో ఉంటుంది. పుస్తకాన్ని గుర్తించడానికి వేసే ఐఎస్‌బీఎన్‌ నంబరుకి 2007 నుంచి 13 అంకెలు, అంతకుముందు 10. కాబట్టి కాపీరైట్ పేజీలోని ఐఎస్‌బీఎన్ 978తో మొదలయ్యే 13 అంకెలదైతే అది 1997 నాటి ముద్రణ కానే కాదు. పునర్ముద్రణను పాత ప్రతి అని చెప్పి రెండింతల ధర అడిగేవాళ్ళున్నారు. ఈ ఒక్క నంబరు చూస్తే బేరం అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంకో తికమక కూడా ఉంది. డార్క్ హార్స్ వాళ్ళు 2018, 2019లో ఇంగ్లీషులో తెచ్చిన ఫైనల్ ఫాంటసీ అల్టిమేనియా ఆర్కైవ్ మూడు సంపుటాలనూ చాలామంది గైడ్లనుకుని కొంటారు. అవి బొమ్మలు, పాత్రలు, కథా ప్రపంచం గురించిన పుస్తకాలు. చాలా బాగుంటాయి. కానీ ఏ గుహలో ఏ పెట్టె ఉందో చెప్పవు. పక్కన పెట్టుకుని ఆట ఆడదామనుకునేవాళ్ళు ఆ డబ్బు దాచుకోవచ్చు.

బయటి దేశం నుంచి తెప్పించేవాళ్ళకి రెండు మాటలు. ముద్రించిన పుస్తకాలకి జీఎస్టీ లేదు. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. పార్సిల్ మీద "వీడియో గేమ్" అని రాస్తే అది పుస్తకం లెక్కలోకి రాదు, అక్కడినుంచి టెన్షన్ మొదలు. డిక్లరేషన్‌లో "ముద్రించిన పుస్తకాలు" అని రాయమని అమ్మేవాడికి ముందే చెప్పాలి. కొరియర్‌లో వస్తుంటే కేవైసీ కాగితాలు కూడా సిద్ధంగా పెట్టుకోండి.

రెండో మాట బరంపురం వాళ్ళకే. బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఒక బరంపురం ఉంది కదా, ఇంగ్లీషు స్పెల్లింగులో మనదీ వాళ్ళదీ అక్కాచెల్లెళ్ళు. నా పార్సిల్ ముందు అక్కడికి వెళ్ళి, ఊరు చూసుకుని, తీరిగ్గా ఇక్కడికొచ్చింది. ఇప్పుడు అడ్రస్‌లో బ్రహ్మపుర్ అని రాసి, పక్కనే గంజాం జిల్లా, ఒడిశా అని రాస్తున్నాను. 760తో మొదలయ్యే పిన్‌కోడ్ కూడా పెద్ద అంకెల్లో వేయిస్తున్నాను. వాళ్ళది 742.

జూన్ నుంచి సెప్టెంబరు

గోపాలపూర్ సముద్రం మనకి పదిహేను కిలోమీటర్లు. వానాకాలంలో గదిలో పెట్టిన తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఎనభై శాతం దాటి కూర్చుంటుంది, కిందికి దిగమన్నా దిగదు. పుస్తకాలకి యాభై దగ్గర ఉంటే మంచిది. గది మొత్తాన్ని ఎండబెట్టడం మనవల్ల అయ్యే పని కాదు కాబట్టి పుస్తకాలున్న డబ్బా వరకే చూసుకుంటున్నాను.

గాలి చొరని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. అందులో గుడ్డసంచుల్లో కట్టిన సిలికా జెల్ పెట్టాను. రంగు మారే రకంలో నీలం గుళికలు వద్దు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. నారింజ రంగువి తీసుకోండి. తేమ పీల్చుకున్నాక అవి ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు మూకుట్లో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్ళీ నారింజకి వస్తాయి. ఆ మూకుడు దానికే, వంటకి వాడకూడదు. డబ్బాలో పుస్తకాలు పెట్టే రోజు కూడా చూసుకోవాలి. ముసురు పట్టిన రోజున పెట్టి మూత బిగిస్తే తేమని మనమే లోపల దాచినట్టు. నాలుగు రోజులు ఎండ కాశాక మధ్యాహ్నం పూట పెట్టాను. ఒక్కో పుస్తకానికి పాలీప్రొపిలీన్ కవర్ వేశాను. పీవీసీ కవర్లు చవగ్గా దొరుకుతాయి గానీ కొన్నేళ్ళకి అట్టకి అతుక్కుని సిరా లాగేస్తాయి.

ఈ గైడ్లు ఆర్ట్ పేపర్ మీద వేసినవి. పేజీల నునుపంతా కాగితం మీద ఉన్న పూత వల్ల వస్తుంది. తడిస్తే ఆ పూతే మెత్తబడి జిగురవుతుంది. తడిసిన పుస్తకం అలాగే ఆరిపోయిందంటే పేజీలన్నీ కలిసి ఒక పలకైపోతాయి, తర్వాత విడదీస్తే బొమ్మ ఒకవైపు, కాగితం ఒకవైపు. ఆరకముందే పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టుకుంటూ పోవాలి. ఆ పూట కుదరకపోతే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేస్తే పాడవడం ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరికీ కింది అరలో పుస్తకాలు పెట్టొద్దని చెప్పక్కర్లేదు. నా డబ్బా బీరువా మీద ఉంటుంది.

సీల్ తీయకుండా దాచుకునేవాళ్ళ మీద నాకు కోపం లేదు గానీ, ఆ పద్ధతి నాకు పడదు. పునర్ముద్రణ కొనేదే తెరిచి వాడుకోవడానికి. పాత ప్రతిని ముట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుంది, కొత్తదైతే టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవొచ్చు.

తెరవడానికి ఒక పద్ధతి ఉంది. పుస్తకం వెన్ను బల్లకి ఆనించి నిలబెట్టండి. ముందు రెండు అట్టలనీ కిందికి దించాలి. తర్వాత ముందునుంచి పది పేజీలు, వెనకనుంచి పది పేజీలు, అలా మార్చి మార్చి వేలితో నెమ్మదిగా నొక్కుతూ మధ్యకి రావాలి. ఒకేసారి మధ్యకి తెరిస్తే గమ్ము బైండింగ్ అక్కడే పగులుతుంది, ఆ తర్వాత ప్రతిసారీ అదే పేజీ దగ్గర తెరుచుకుంటుంది.

దసరా సెలవులు

ఏడో ఆట మొదలుపెట్టాను, లాప్‌టాప్‌లో, ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్నది. గైడు పక్కన. మొదటి ఇరవై గంటలకి గైడు అక్కర్లేదనే నా అభిప్రాయం, కథ దారి చూపిస్తూనే ఉంటుంది. చోకోబోల (ఆటలో ఎక్కి తిరిగే పెద్ద పక్షుల) పెంపకం దగ్గరికొచ్చాక మాత్రం పుస్తకం మూయడానికి లేదు. బంగారు చోకోబో కావాలంటే ముందు "గుడ్", "గ్రేట్" రకాల జత నుంచి కారబ్ గింజలతో ఒక ఆకుపచ్చదీ ఒక నీలందీ రావాలి. ఆ రెంటికీ నల్లది పుట్టాలి. ఆ నల్లదాన్ని మంచు ప్రాంతంలో దొరికే "వండర్‌ఫుల్" రకంతో కలిపి, ఈసారి జెయో గింజ పెట్టాలి. మధ్యలో పందాల్లో గెలిపించి తరగతి పెంచాలి. ఇంతా చేస్తే ఆ పక్షి ఎక్కి సముద్రం దాటి రౌండ్ ఐలాండ్‌కి వెళ్ళి నైట్స్ ఆఫ్ ద రౌండ్ మెటీరియా (మంత్రశక్తి ఇచ్చే రాయి) తెచ్చుకోవచ్చు. ఈ వరసంతా ఆటలో ఊహించి పట్టుకోవడం నావల్ల కాదు. పుస్తకంలో పట్టిక మీద వేలు పెట్టుకుని చూస్తూ చేయడంలో ఉన్న సుఖం ఫోన్లో స్క్రోల్ చేస్తే రాదు.

పుస్తకం మీద గీతలు పడకుండా మ్యాపుల పైన ట్రేసింగ్ పేపర్ పెడుతున్నాను. తీసిన పెట్టెలకి పెన్సిల్‌తో చిన్న అడ్డగీత. ఆట అయిపోయాక ఆ కాగితం తీసేస్తే పేజీ కొత్తగానే ఉంటుంది. పెన్సిల్ మరీ గట్టిది వద్దు, కింది కాగితం మీద అచ్చు పడుతుంది. 2బి సరిపోతుంది.

తొమ్మిదో ఆటకి 2000 నాటి పాత ప్రతి ఒకటి విడిగా సంపాదించాను. బాక్సులో ఉండగా మళ్ళీ ఎందుకురా అని మా బావ అడిగాడు. ఆ పాత గైడులో చాలాచోట్ల సమాధానం ఉండదు. ఒక కీవర్డ్ ఇచ్చి, ప్లేఆన్‌లైన్ సైటుకి వెళ్ళి అక్కడ టైప్ చేసి చదువుకోమంటుంది. పుస్తకం కొన్నవాడు మళ్ళీ డయలప్ బిల్లు కట్టుకోవాలన్నమాట. తర్వాత ఆ సైటులో ఆ సమాచారం పోయింది, కీవర్డ్‌లు మాత్రం కాగితం మీద మిగిలాయి. గైడుగా దానికి విలువ తక్కువ, వింత వస్తువుగా మాత్రం నా అల్మరాలో దానిదే మొదటి స్థానం.

గైడు కొనేవాళ్ళు తప్పకుండా చూసుకోవాల్సింది మీ దగ్గరున్న ఆట ఏ ముద్రణ అని. ఏడో ఆట స్టీమ్‌లో దాదాపు పాతదే, పాత గైడు పనికొస్తుంది. పన్నెండో ఆట అలా కాదు. 2006 నాటి ఆటలో జోడియాక్ స్పియర్ అనే ఈటె ఖాయంగా కావాలంటే నాలుగు పెట్టెలు తెరవకూడదు: లోటౌన్‌లో ముసలి డాలన్ ఇంటి ముందున్నది ఒకటి, రాజభవనం నేలమాళిగలో ఒకటి, నల్బీనా చెరలో ఒకటి, ఫోన్ తీరంలో గుంపుగా ఉన్నవాటిలో ఒకటి. తెరవొద్దని ఆటలో ఎవరూ చెప్పరు. 2017లో అదే ఆటకి కొత్త రూపంగా వచ్చిన జోడియాక్ ఏజ్‌లో ఆ షరతు తీసేశారు. పాత గైడు పట్టుకుని కొత్త ఆట ఆడేవాడు ఆ నాలుగు పెట్టెల్నీ భక్తిగా వదిలేసుకుంటూ పోతాడు, పాపం.

డిసెంబరు

ఎర్త్‌బౌండ్ అనే నింటెండో ఆట గైడు బైండింగ్ పూర్తయింది. 1995లో అమెరికాలో ఆ ఆటని పెద్ద పెట్టెలో, గైడుతో కలిపే అమ్మారు. 2013లో వీ యూ అనే గేమ్ కన్సోల్‌లో ఆట మళ్ళీ వచ్చినప్పుడు నింటెండో ఆ గైడుని డిజిటల్ రూపంలో ఉచితంగా ఇచ్చింది. దాన్ని నా ఒక్కడి కోసం ఒక్క ప్రతి ప్రింట్ వేయించాను. ఇంకో నాలుగు వేయిస్తే అమ్ముకోవచ్చు కదా అన్నవాళ్ళున్నారు. ఉచితంగా చదవడానికి ఇచ్చినదాన్ని అచ్చేసి అమ్మే హక్కు మనకెక్కడిది?

ఏ3 కాగితం మీద బుక్‌లెట్ పద్ధతిలో రెండు వైపులా వేయించి మధ్యకి మడిచాం. నాలుగు కాగితాలు కలిపితే 16 పేజీల మడత. మొత్తం పేజీలు 16తో భాగించబడకపోతే చివర ఖాళీ పేజీలు కలుపుకోవాలి, ఈ లెక్క షాపుకి వెళ్ళకముందే వేసుకోండి. కాగితం 100 జీఎస్ఎం చాలు. మందంగా ఉంటే మడత దగ్గర లేజర్ ప్రింట్ టోనర్ పగిలి తెల్లగీత పడుతుంది, ముదురు రంగు పేజీల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బైండింగ్ చేసినాయన మా వీధి చివర స్కూలు రికార్డులు, కొట్ల ఖాతా పుస్తకాలు కట్టే పెద్దాయన. మడతల కట్ట తిరగేసి, పట్టికలూ బొమ్మలూ చూసి, "ఇదేటి బాబూ, ఇంగిలీసు పంచాంగమా?" అన్నాడు.

"కాదు బాబాయ్, ఆట ఆడే పద్ధతి చెప్పే పుస్తకం."

"ఆటకి పుస్తకవేటి? సరే గానీ, దీన్ని గమ్ముతో అంటిస్తే రెండేళ్ళు కూడా ఉండదు. కుట్టేద్దాం."

కుట్టాడు. మడత మడతకీ నాలుగు చిల్లులు, మైనం రాసిన నూలుదారం, వెన్ను మీద గుడ్డ. జిగురు ఇంట్లో ఉడికించిన మైదాదే. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపాడు. అట్టకి గుడ్డ అంటించాక రెండు చెక్కల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి, మూడు రోజులు ముట్టుకోవద్దన్నాడు. తొందరపడి తీస్తే అట్ట వంకర తిరుగుతుందట. ఇప్పుడు ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పడుకుంటుంది. వేల రూపాయలు పోసి కొన్న బాక్సు పుస్తకాలకి కూడా ఈ సుఖం లేదు.

అసలు గైడులో గీకితే వాసన వచ్చే కార్డులు ఉండేవి. అవి మాత్రం కాపీ చేయలేం. గంజాం జిల్లాలో మొగలి అత్తరుకి కరువా, రెండు చుక్కలు వేసేద్దామన్నాడు బావ. ఆ ఆటలోని కంపుకీ మొగలి పువ్వుకీ సంబంధం లేదని చెప్పి ఆపాను.

తర్వాతి పని పూల్ ఆఫ్ రేడియన్స్ జర్నల్. 1988 నాటి ఆట. డిస్కులో చోటు చాలక, కథలో చాలా భాగం పుస్తకంలో అచ్చేశారు. ఫలానా నంబరు చదువు అని ఆట చెబితే మనం ఆ పేజీ తీయాలి. ముందే అన్నీ చదివేసేవాళ్ళని దారి తప్పించడానికి మధ్యలో అబద్ధపు ఎంట్రీలు కూడా కలిపారు. చిన్న పుస్తకమే, రెండు మూడు మడతల్లో అయిపోతుంది. ఏ4 మడిచి ఏ5 సైజులో వేయించాలనుకుంటున్నాను. అట్టకి మెరూన్ రంగు క్యాలికో గుడ్డ కావాలంటే బైండర్ దగ్గర ఆకుపచ్చే ఉందన్నాడు. పరీక్షల ముందు రికార్డు పుస్తకాల గిరాకీ తగ్గేదాకా ఆయన కొత్త పని పట్టనన్నాడు. ఈలోగా పేజీల వరస సరిచూసి ప్రింట్‌కి ఇచ్చేస్తాను.