చిల్లుకాణీ దిద్దిన నవల

మా ఊరు గౌతమికి ఇవతల, ముక్తేశ్వరం దగ్గర ఉంది. రేవులో నిలబడితే అవతలి ఒడ్డున కోటిపల్లి కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా ఉమ్మడి కుటుంబం ఎలా నెట్టుకొచ్చిందో మూడు తరాల నవలగా రాయాలని కూర్చున్నప్పుడు, కథంతా నాకు తెలిసిందేననుకున్నాను. కాకినాడ మీద బాంబులు పడ్డాయని పట్నం చుట్టాలంతా మా మండువా ఇంటికి వచ్చి చేరడం, కిరసనాయిలు దొరక్క ఆముదం దీపాలు పెట్టుకోవడం, బర్మాలోని రంగూన్‌లో బియ్యపు మిల్లు గుమాస్తాగా ఉన్న చిన్నతాత దగ్గరనుంచి మనియార్డర్లు ఆగిపోవడం, ఇవన్నీ నాయనమ్మ నోట విన్నవే. వాటిని వరుసగా పేర్చి ఎనిమిది నెలల్లో మొదటి ప్రతి ముగించాను.

ఆ ప్రతిని చదవమని రామచంద్రపురంలో ఉండే ఒక పెద్దాయనకు ఇచ్చాను. వారం తర్వాత ఆయన మొదటి అధ్యాయం తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టారు. అందులో 1942లో కొత్త కోడలు కాకినాడలో రైలెక్కి కోటిపల్లిలో దిగుతుంది. "అప్పటికి పట్టాలెక్కడున్నాయమ్మా?" అన్నారు. 1928లో వేసిన ఆ లైనును 1940లోనే యుద్ధ అవసరాల కోసం పీకి పట్టుకుపోయారు. మళ్లీ పట్టాలు పడి రైలు తిరిగింది 2004లో. దాదాపు నలభై అయిదు కిలోమీటర్ల దారి యుద్ధానికి ఇనుముగా వెళ్లిపోయిన సంగతి, ఆ రేవు దాటి చదువుకున్న నాకే తెలియకపోవడం చాలా బాధ కలిగించింది.

ఆ అధ్యాయాన్ని మొత్తం తిరగరాశాను. ఇప్పుడు కోడలు బొగ్గు బస్సులో వస్తుంది. పెట్రోలుకు కొరత వచ్చాక బస్సు వెనక డ్రమ్ము కట్టి, అందులో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో నడిపేవారు. క్లీనరు ముందుగా పిడి పట్టుకుని గాలి తిప్పితేగాని బండి కదిలేది కాదు. మసి పట్టిన పట్టుచీరతో రేవు చేరేసరికి చీకటి పడి, పడవ దొరక్క పెళ్లివారు ఇసుకలోనే రాత్రి గడుపుతారు. రైలుంటే రెండు వాక్యాల్లో అయిపోయే ప్రయాణం పద్దెనిమిది పేజీలయింది, నవలకు అసలు మొదలు అక్కడ దొరికింది.

ఆ తర్వాత జ్ఞాపకాన్ని తేదీతో సరిచూడకుండా ఏదీ రాయకూడదనుకున్నాను. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగేశాను. ఇంటికొచ్చి ఒక పెద్ద కాగితం మీద నెలలవారీగా గళ్లు గీసి, పైన లోకంలో జరిగినవి, కింద మా ఇంట్లో జరిగినవి రాసుకున్నాను. రంగూన్ మీద బాంబులు పడింది 1941 డిసెంబరు 23న, ఆ పట్నం జపానువాళ్ల వశమైంది 1942 మార్చిలో, విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడింది ఏప్రిల్ 6న. నాయనమ్మ మాత్రం కాకినాడ బాంబుల తర్వాతే మనియార్డర్లు ఆగాయనేది. ఆ గళ్లు చూశాక, చుట్టాలతో ఇల్లు నిండేనాటికే ఆమె మరిది గురించి నెలల తరబడి కబురు లేదని, ఆ బెంగతోనే అంతమందికీ వండి వడ్డించిందని అర్థమైంది.

అన్నిటికన్నా కష్టమైంది తాతయ్య జమాఖర్చుల పుస్తకం. బర్మా బియ్యం రావడం ఆగాక డెల్టా ధాన్యానికి గిరాకీ పెరిగింది. గాదెలో ధాన్యం ఆపుకోగలిగిన రైతుకు ధర కలిసొచ్చింది. తనఖాలో ఉన్న మూడెకరాలు 1943లో విడిపించినట్టు పద్దు ఉంది. అదే పేజీలో నాలుగు వరుసల కింద, "తమ్ముడికి పంచెలు రెండు, పిల్లదానికి గౌను గుడ్డ" అని ఉంది. లక్షల మందితో పాటు కొండలూ అడవులూ నడిచి అస్సాం మీదుగా చిన్నతాత ఇల్లు చేరేసరికి, ఒంటిమీది బట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. దారిలో భార్య పోయింది. అలా బర్మా నుంచి వచ్చినవాళ్లను ఊళ్లో కాందిశీకులనేవారు. సొంత ఊరికి వచ్చినవాణ్ణి ఆ మాటతో పిలవడం నాయనమ్మకు చివరిదాకా నచ్చలేదు.

ఆ పేజీని నవలలోకి తీసుకోవద్దని మా బాబాయి గట్టిగా అడిగాడు. తాతయ్య దొంగతనం చేయలేదు, తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు కూడా, నిజమే. కానీ ఒకే యుద్ధం అన్నకు పొలం విడిపించి తమ్ముణ్ణి కట్టుబట్టలతో నిలబెట్టింది. ఆ ఇద్దరూ ఒకే పీటల వరుసలో కూర్చుని అన్నం తినడం రాయకపోతే నేను రాసేది మా ఇంటి కథ కాదు. రెండు నెలలు మాట్లాడుకున్నాక, పేర్లూ ఊరూ మార్చమని చెప్పి బాబాయి ఒప్పుకున్నాడు.

చివరి ప్రతి దిద్దుతుండగా నాయనమ్మ రేకుపెట్టెలో చిల్లుకాణీ దొరికింది. నా నవలలో 1942 సంక్రాంతికి ఒక కుర్రాడి చేతిలో అలాంటిదే పెట్టాను. భూతద్దం కింద చూస్తే చిల్లు అంచున 1943 అని ఉంది. లోహం పొదుపు చేయడానికి మధ్యలో చిల్లు పెట్టి కాణీలు కొట్టడం ఆ యేటే మొదలైంది. కుర్రాడి చేతిలోంచి దాన్ని తీసేశాను. ఇప్పుడు అది చివరి అధ్యాయంలో ఉంది: రంగూన్ నుంచి వచ్చిన పిల్లకు తలంటి, కొత్త మొలతాడు కట్టి, దానికి ఆ కాణీ గుచ్చుతూ పెద్దకోడలు పిల్ల పేరు అడుగుతుంది.