హ్యామ్‌స్టరా, గినీ పందులా?

"మామయ్యా, ఇది లేవదేం?" మేనకోడలు గూటికి ముక్కు ఆనించి అడుగుతోంది. తనకో పెంపుడు జీవిని చూద్దామని వచ్చిన గంటస్తంభం దగ్గరి దుకాణంలో చిట్టెలుక లాంటి హ్యామ్‌స్టర్ రంపపు పొట్టులో ముడుచుకుని నిద్రపోతోంది. పక్క గూటిలో పేరుకే పందులైన, ఎలుక జాతికి చెందిన రెండు గినీ పందులు ఒకే కొత్తిమీర కాడను చెరోవైపు నుంచి నములుతున్నాయి.

హ్యామ్‌స్టర్ రాత్రి తిరిగే జీవి. పగలు లేపితే బెదిరి కరుస్తుంది కూడా. పైగా 2, 3 ఏళ్ల ఆయుష్షు. ఈ పసిదానికి అంత త్వరగా ఆ దుఃఖం ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు.

గినీ పందులు 5 నుంచి 8 ఏళ్లు ఉంటాయి. తోడు కావాలి. మనలాగే వాటి ఒంట్లోనూ విటమిన్ సి తయారుకాదు, అందుకే రోజూ క్యాప్సికం ముక్క పెట్టాల్సిందే.

నా బెంగంతా విజయనగరం మే ఎండల గురించే. 30 డిగ్రీలు దాటితే వాటికి వడదెబ్బ ముప్పు. చల్లటి గది కుదిరాకే తెస్తానని చెప్పాను. ఉత్తరం వైపు గది ఖాళీ చేయమని అక్కకు ఇప్పుడే ఫోను చేశాను.