కట్టకు అవతలి చెరువు

మార్చి వచ్చిందంటే అనంతపురంలో ఎండ దిగడానికి సాయంత్రం ఐదవుతుంది. ఆ వేళకు సైకిల్ తీసి తాడిపత్రి రోడ్డు పట్టాను, బుక్కరాయసముద్రం చెరువు వైపు.

ఈ చెరువు 14వ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో తవ్వించింది. కట్ట మీద ముసలమ్మ గుడి ఉంది. గండి పడినప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలని ఆమెను కొలుస్తారు. చెరువు చూడ్డానికొచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. నాకైతే నీళ్లు పలచబడి బురదయ్యే అవతలి అంచే ఇష్టం.

సర్కారు తుమ్మల మధ్య బండ్లబాట. జమ్ము మొదలైన చోట చక్రం దిగబడింది, ఇక నెట్టుకుంటూ నడిచాను. మోకాలిలోతు నీళ్లలో ఎర్రకాళ్ల కొంగల గుంపు! ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ కదుపుతున్నాయి. చేపను కళ్లతో వెతకవు, ముక్కుకు తగలగానే టక్కున మూసేస్తాయి. అందుకే బురదనీళ్లైనా వాటికి ఇబ్బంది లేదు, లోతుంటేనే కష్టం. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఇవే కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పిల్లల్లా చూసుకుంటారు. ఆ ఊరంటే నాకు చాలా గౌరవం.

కాస్త దూరంలో బుడబుంగలు మునిగి ఎక్కడో తేలుతున్నాయి. నీటికాకులు మొద్దు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. వాటి ఈకలు నీళ్లకు తడిసిపోతాయి మరి.

గట్టునేల ఎక్కగానే తీతువు ఒకటి నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. దాని కూత అపశకునమంటారు మనవాళ్లు. పాపం, అది గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. మనిషి కాలు పడుతుందేమోనని దాని టెన్షన్. నేను వెంటనే పక్కకు మళ్లాను.

అక్కడే ఎవరో పారబోసిన చెత్త సంచులు. కడుపు మండింది. వాన తక్కువున్న ఈ జిల్లాలో ఇంత తడినేల దొరకడమే భాగ్యం, దాన్ని పనికిరాని చోటని ఎట్లా అనుకుంటారో!

పుట్టి ఒడ్డుకు లాగుతున్న పెద్దాయనను, చేపలన్నీ కొంగలే తినేస్తే మీకేం మిగులుతుందని అడిగాను.

"అవి తినేది చిన్నవి సార్. కొంగలు యాడ దిగితే ఆడ చేపుందని మాకు గుర్తు," అన్నాడు. "పొద్దన్నే రాండి, వల తీసేటప్పుడు ఇంకా శానా పిట్టలు చూస్తారు."

ఈ ఆదివారం తెల్లవారకముందే బయల్దేరుతున్నాను.